మిషిగన్ చేతిలో 13–10: నాన్న పక్కన కూర్చుని చూసిన ఓటమి

తెనాలి_బకై | 2024 డిసెంబర్ 1, ఉదయం 5:40

తెల్లవారుతోంది. ఇంకా నిద్ర రాలేదు. ఇంట్లో చెబితే "ఆటే కదా" అంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేయడానికి 2011లో కొలంబస్ వచ్చాను. ఆ ఏడాది అమెరికన్ ఫుట్‌బాల్‌లో మిషిగన్ యూనివర్సిటీ చేతిలో, వాళ్ల ఊరు ఆన్ ఆర్బర్‌లో 40–34తో ఓడిపోయాం. తర్వాత 2012 నుంచి 2019 వరకు వరుసగా ఎనిమిది సార్లు గెలిచాం. మిషిగన్ మీద గెలుపు మన ఇంటి సొత్తు అనుకునే అలవాటు నాకు ఆ ఎనిమిదేళ్లలో పడింది. 2020లో కోవిడ్ వల్ల ఆట జరగలేదు. ఆ తర్వాత 42–27, 45–23, 30–24. మూడూ మనం ఓడినవే. నిన్నటిది నాలుగోది.

ఈసారి మాత్రం గెలుస్తామని గట్టిగా నమ్మాను. మనం దేశంలో రెండో ర్యాంకు. వాళ్లకు అసలు ర్యాంకే లేదు, అప్పటికి ఆరు గెలిచి ఐదు ఓడారు. పందేలు కాసేవాళ్లు దాదాపు 20 పాయింట్ల తేడాతో మనమే గెలుస్తామన్నారు. మా ఆఫీసులో ఒకరు ఊరెళ్తూ తమ రెండు టికెట్లు నాకిచ్చారు. నాన్న అక్టోబరులో తెనాలి దగ్గర మా పల్లె నుంచి వచ్చారు. "నాన్నా, ఈ ఒక్క ఆట చూసి వెళ్లండి" అని బతిమాలి తీసుకెళ్లాను. గడ్డకట్టే చలి. నాన్నకు మంకీ క్యాప్, దాని మీద నా ఎర్ర మఫ్లరు, చేతులకు రెండు జతల గ్లవ్స్. లేన్ అవెన్యూ మీద నడుస్తుంటే బోర్డుల్లో ఎమ్ అక్షరం మీదల్లా ఎర్ర టేపు అడ్డంగా అంటించి ఉంది. "ఆ అక్షరం ఎందుకు కొట్టేశారు?" అని అడిగారు. మిషిగన్ పేరు ఆ అక్షరంతో మొదలవుతుందని, ఈ వారం క్యాంపస్ అంతటా అలాగే ఉంటుందని చెప్పాను. ఆయన నవ్వలేదు. తల ఊపారు.

నాన్న చిన్నప్పుడు ఊళ్లో కబడ్డీ ఆడినవారు. ఈ ఆటలో నియమాలేవీ తెలియవు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలని మాత్రం చెప్పాను. గజం అనగానే ఆయనకు లెక్క కుదిరింది. మైదానం మీది గీతలు చూపించి, "పొలం కొలిచినట్టే ఉందిరా" అన్నారు. రెండో క్వార్టర్ సగంలో నా మోచెయ్యి తట్టి అడిగిన మాట ఇది. "ఆ మధ్యలో ఉన్న ఇద్దరు, 55, 78 నంబర్ల వాళ్లు, ఎంత తోసినా కదలడం లేదు. అన్నిసార్లూ వాళ్ల మీదికే ఎందుకు పంపిస్తున్నారు? పక్కన ఖాళీగానే ఉంది కదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

సగం ఆట అయ్యేసరికి 10–10. రెండో సగంలో మనం ఒక్క పాయింటు కూడా చేయలేదు. లక్షా ఆరు వేల మంది కూర్చున్న మన మైదానంలో! మిషిగన్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు వేసేవాడు, మొత్తం ఆటలో పాసుల మీద సంపాదించింది 62 గజాలు. అరవై రెండు! ఆ మాత్రం పాసులతో మన మీద గెలిచి వెళ్లారు. చివర్లో బంతి పట్టుకుని పరుగెత్తే వాళ్ల రన్నింగ్ బ్యాక్ కేలెల్ మల్లింగ్స్ మన మధ్యలోంచే 27 గజాలు పరుగెత్తాడు. 45 సెకన్లు మిగిలి ఉండగా 21 గజాల నుంచి తన్నిన మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్. 13–10.

ఆ బంతి కర్రల మధ్యనుంచి వెళ్లినప్పుడు మా వరుసలో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కూర్చున్న చోటునుంచి లేచి, కింద పరుచుకున్న దుప్పటి నాలుగు మడతలు వేసి, సంచిలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది. నాన్న నా మఫ్లరు తీసి నాకే కప్పారు. తిరిగి వస్తుంటే లేన్ అవెన్యూ బోర్డు మీద ఎర్ర టేపు ఒక వైపు ఊడి గాలికి కొట్టుకుంటోంది.

మనం ఓడింది అదృష్టం లేక అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాన్నకు అరగంటలో కనిపించినది మన కోచ్‌లకు మూడున్నర గంటల్లో ఎందుకు కనిపించలేదు? మీరేమంటారు?

—

లైన్_చూసేవాడు | 2024 డిసెంబర్ 1, ఉదయం 8:15

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. నేను పదిహేనేళ్లుగా ఈ ఆటలో బంతిని వదిలేసి ముందు వరుసల తోపులాటనే చూస్తాను. ఆయన అడిగిన ప్రశ్న కంటే మంచి ప్రశ్న నిన్న టీవీలో ఎవరూ అడగలేదు.

ఆ ఇద్దరు మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్. దేశంలో ఆ స్థానంలో అంతకంటే మంచి జోడీ ఈ ఏడాది లేదని నా అభిప్రాయం. మన వైపు చూడండి. ఎడమ చివర కాపు కాయాల్సిన జాష్ సిమన్స్ అక్టోబరులో ఆరెగాన్ ఆటలో గాయపడ్డాడు. సరిగ్గా మధ్యలో నిలబడే సెథ్ మెక్‌లాఫ్లిన్‌కు నవంబరులో మడమ వెనక స్నాయువు తెగింది. అంటే మన గోడ బీటలు వారిన చోటే వాళ్ల గోడ బలంగా ఉంది. మనం వెళ్లి వెళ్లి అక్కడే గుద్దుకున్నాం. 26 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తితే 77 గజాలు. సగటున మూడు గజాలైనా లేదు.

మరోవైపు పాసులు అందుకోవడానికి మన దగ్గర జెరమయా స్మిత్, ఎమెకా ఎగ్‌బుకా, కార్నెల్ టేట్ ఉన్నారు. వాళ్ల డిఫెన్స్‌లో పాసులు అందుకునేవాళ్లను కాపలా కాసే మేటి కార్నర్ విల్ జాన్సన్ గాయంతో ఆడనే లేదు. పంట పండిన చేను వదిలేసి బీడులో నాగలి పెట్టినట్టయింది. మనం చేసిన ఒకే ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) పాసు మీదే వచ్చింది, జెరమయా స్మిత్‌కు.

ఎందుకలా చేశారంటే నాకు తోచేది ఒక్కటే. 2021లో ఓడినప్పుడు మన జట్టు మెత్తనిదన్నారు. 2022లో మళ్లీ అన్నారు. ఆ మాట కడుపులో పెట్టుకుని, మేమూ మోటుగా ఆడగలమని రుజువు చేయాలనుకున్నారు. ఆట గెలవడం ఒక పని, ఒక మాటకు జవాబు చెప్పడం ఇంకో పని. నిన్న రెండో పని కోసం మొదటిది వదిలేశాం.

—

హైస్ట్రీట్_22 | 2024 డిసెంబర్ 1, ఉదయం 9:02

కోచ్ రయన్ డే మిషిగన్ మీద ఈ ఓటమితో 1–4, అంటే ఒకటి గెలిచి నాలుగు ఓడాడు. ఇంకేం మాట్లాడాలి? మన పాత కోచ్ జాన్ కూపర్ పదమూడేళ్లలో మిషిగన్ మీద రెండే గెలిచాడు, పది ఓడాడు, ఒకటి సమం. మిగతా జట్ల మీద ఎంత బాగా ఆడినా చివరికి పంపించేశారు. ఆ లెక్కే ఈయనకూ వర్తించాలి.

అన్నట్టు, మిషిగన్ గెలుపుల గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఎదుటి జట్ల కోచ్‌లు సైగలతో ఇచ్చే సంకేతాలు దొంగిలించిన వ్యవహారం కూడా చెప్పాలి. దాని మీద విచారణ 2023 అక్టోబరులో మొదలైంది. వాళ్ల కోచ్ హార్బాను ఆ రెగ్యులర్ సీజన్ చివరి మూడు ఆటలకు పక్కన పెట్టారు. 2021 నుంచి 2023 వరకు మన మూడు ఓటములనూ నేను ఓటములుగా లెక్కపెట్టను.

—

మొదటి_సెమిస్టర్ | 2024 డిసెంబర్ 1, ఉదయం 10:30

అందరికీ నమస్కారం. నేను ఆగస్టులో వరంగల్ నుంచి వచ్చాను. నిన్న విద్యార్థుల వరుసల్లో ఉన్నాను. నా రూమ్మేట్ ఒహాయో కుర్రాడు, రాత్రి భోజనం కూడా చేయలేదు. నాకు మర్యాదగా ఒక సందేహం. మన జట్టు ఈ ఏడాది పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లోకి ఎలాగూ వెళ్తుందంటున్నారు. ట్రోఫీకి ఇంకా దారి ఉంది. మరి ఒక్క ఆట ఓడితే ఇంత దుఃఖం ఎందుకు? తెలుసుకోవాలనే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి.

—

టొలీడో_గట్టు | 2024 డిసెంబర్ 1, మధ్యాహ్నం 12:20

తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను టొలీడోలో ఉంటాను, రెండు రాష్ట్రాల సరిహద్దు మీద. మా వీధిలో ఒక ఇంటి ముందు రెండు జెండాలు ఉంటాయి, ఒహాయో ఎరుపొకటి, మిషిగన్ నీలం పసుపు కలిసినది ఒకటి. భార్యది ఒకటి, భర్తది ఒకటి. నిన్న సాయంత్రం ఆ ఇంట్లో ముందు గదిలో దీపం వెలగలేదు.

ఇది ఆటకంటే ముందు పుట్టిన తగాదా. 1835లో ఒహాయో అప్పటికే రాష్ట్రం, మిషిగన్ ఇంకా కాలేదు. రెండింటి మధ్య హద్దు గీత ఎక్కడన్నది తేలలేదు. ఒక కొలత ప్రకారం టొలీడో వీళ్లది, ఇంకో కొలత ప్రకారం వాళ్లది. సుమారు 468 చదరపు మైళ్ల భూమి. ఇద్దరు గవర్నర్లూ సైన్యాలను పంపించారు. పెద్ద యుద్ధమేమీ జరగలేదు గానీ ఒక డిప్యూటీ షెరీఫ్‌ను చిన్న చాకుతో పొడిచారు, అతను బతికాడు. చివరికి టొలీడో ఒహాయోకు వచ్చింది. బదులుగా మిషిగన్‌కు ఉత్తరాన సరస్సుల అవతల పెద్ద ద్వీపకల్పం ఇచ్చారు. అప్పట్లో అది పనికిరాని అడవి అనుకున్నారు. తర్వాత అందులో రాగి, ఇనుప ఖనిజం బయటపడ్డాయి. 1837 జనవరిలో మిషిగన్ రాష్ట్రమైంది.

మన ఊళ్లలో గట్టు తగాదా చూశారు కదా. సరిహద్దు రాయి జానెడు జరిగిందని రెండు కుటుంబాలు మూడు తరాలు మాట్లాడుకోవు. ఇది రెండు రాష్ట్రాల మధ్య అలాంటిది. ఫుట్‌బాల్ మొదటిసారి ఆడుకున్నది 1897లో, మిషిగన్ 34–0తో గెలిచింది. 1918 నుంచి ఏటా ఆడుతున్నారు, కోవిడ్ ఏడాది ఒక్కటే తప్పింది. మనవాళ్లు 1922లో ఇంత పెద్ద స్టేడియం కట్టుకుని ప్రారంభోత్సవం ఆటకు మిషిగన్‌ను పిలిస్తే 19–0తో గెలిచి వెళ్లారు. 1935 నుంచి సీజన్ చివరి ఆటగా పెట్టుకున్నారు. అంటే ఈ ఆట ఓడితే సరిచేసుకోవడానికి మరుసటి వారం ఉండదు. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నుంచి మళ్లీ థాంక్స్‌గివింగ్ దాకా, 365 రోజులు మొయ్యాలి.

—

తెనాలి_బకై | 2024 డిసెంబర్ 1, మధ్యాహ్నం 1:05

మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. భోజనం ఆపి విన్నారు. "అదీ సంగతి, గట్టు తగాదా" అన్నారు. మా తాతగారికీ పక్క పొలం వాళ్లకూ కాలువ నీళ్ల దగ్గర మొదలైన పట్టింపు ఒకటి ఉండేది. నాన్న పెళ్లికి వాళ్లు రాలేదు, నా పెళ్లికీ రాలేదు. ఇంతసేపూ నేను చెప్పలేకపోయింది ఆయనకు మీ మాటతో అర్థమైంది.

మొదటి_సెమిస్టర్ గారూ, తప్పేమీ అనుకోలేదు. మీ రూమ్మేట్‌కు ఇవాళైనా ఏదైనా వండి పెట్టండి.

—

ఆన్_ఆర్బర్_తెలుగు | 2024 డిసెంబర్ 1, మధ్యాహ్నం 3:40

నేను అవతలి ఒడ్డు మనిషిని. ఇక్కడ రాయవచ్చో లేదో అని చాలాసేపు ఆలోచించాను. గొప్పలు చెప్పుకోవడానికి రాలేదు.

తెనాలి_బకై గారూ, 2012 నుంచి 2019 వరకు ఎనిమిదేళ్లు నేను మీరున్న చోట ఉన్నాను. 2016లో మీ మైదానంలోనే రెండు ఓవర్‌టైముల తర్వాత 30–27తో ఓడాం. నాలుగో ప్రయత్నంలో మీ క్వార్టర్‌బ్యాక్ గీత దాటాడా లేదా అని మా ఇంట్లో ఇప్పటికీ ఆ బొమ్మ ఆపి చూస్తాం. అప్పుడు నా కొడుక్కి ఆరేళ్లు. వాడు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియలేదు. నాకు ఏడుపు వస్తోంది, వాడిని ఎలా ఓదార్చను?

ఈ ఏడాది మాది మంచి జట్టు కాదు. జనవరిలో దేశ విజేతలం, ఆ తర్వాత కోచ్ వెళ్లిపోయాడు, ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. పాసులు వేసే దిక్కు లేదు. పాసులు అందుకునే మా టైట్ ఎండ్ కోల్‌స్టన్ లవ్‌లండ్ కూడా నిన్న లేడు. కాబట్టి చేతనైనది ఒక్కటే చేశాం. మల్లింగ్స్‌కు 32 సార్లు బంతి ఇచ్చాం, 116 గజాలు వచ్చాయి. మీరు మా బలం మీదికే వచ్చారు. మేమెంత సంతోషించామో, ఎంత ఆశ్చర్యపోయామో చెప్పలేను.

హైస్ట్రీట్_22 గారూ, సంకేతాల వ్యవహారం మాకు మచ్చే, దాన్ని నేను సమర్థించను. అయితే నిన్నటి ఆట ఆ వ్యవహారం బయటపడిన ఏడాది తర్వాత జరిగింది. దీన్ని మా కుర్రాళ్ల నుంచి తీసేయకండి.

—

హైస్ట్రీట్_22 | 2024 డిసెంబర్ 1, సాయంత్రం 4:15

నిన్నటిది తీసేయడం లేదు. నిన్నటిది న్యాయంగా గెలిచారు, ఒప్పుకుంటాను. బాధంతా అందుకే. పాత మూడింటికీ ఏదో ఒక కారణం చెప్పుకుని పడుకునేవాడిని. దీనికి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

—

డబ్లిన్_అమ్మ | 2024 డిసెంబర్ 1, రాత్రి 7:30

ఆట గురించి అందరూ చెప్పారు. నేను ఆట తర్వాత జరిగిన దాని గురించి చెప్పాలి. మా అమ్మాయికి పదేళ్లు, నిన్న మొదటిసారి స్టేడియానికి తీసుకెళ్లాం. ఆటకు ముందు బ్యాండు వాళ్లు నడుస్తూ మైదానమంతా "ఒహాయో" అని కలిపి రాస్తారు కదా. చివరికి ఒక్కరు పెద్ద సూసాఫోన్ వాద్యంతో వచ్చి ఐ అక్షరం మీద చుక్కలా నిలబడి జనానికి వంగి నమస్కరిస్తారు. అది చూసి మా అమ్మాయి తనూ ఆ వాద్యం నేర్చుకుంటానంది.

అదే పిల్ల, ఆట అయ్యాక మైదానం మధ్యలోని పెద్ద ఓ అక్షరం మీద మిషిగన్ వాళ్లు జెండా పాతబోవడం, మనవాళ్లు పరుగెత్తుకుని వెళ్లడం, తోపులాట, పోలీసులు మిరియాల స్ప్రే కొట్టడం చూసింది. కళ్లు మండి నేల మీద కూర్చుండిపోయిన కుర్రాళ్లను చూసింది. "అమ్మా, ఆట అయిపోయింది కదా, ఇంకా ఎందుకు కొట్టుకుంటున్నారు?" అంది. చెవులు మూసి బయటకు తీసుకొచ్చాను.

మన ఆటగాడు జాక్ సాయర్ ఆ జెండా కర్ర నుంచి పీకేయడం చూసి చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టేదాన్నేమో, పక్కన పిల్ల లేకపోతే. వాళ్లు 2022లోనూ పాతారు. అంతకు ముందు 2017లో ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ పాతాడు. మన గుండె మీద పాతినట్టే ఉంటుంది, నిజమే. గెలిచినవాళ్లు గెలుపుతో ఇంటికి వెళ్తే సరిపోదా?

ఇంకొక్క విన్నపం. మన కిక్కర్ రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాడని నిన్నటి నుంచి ఆ అబ్బాయి పేరు పట్టుకుని ఎక్కడ పడితే అక్కడ ఏవేవో రాస్తున్నారు. దయచేసి ఇక్కడ వద్దు. వాడూ ఎవరో తల్లికి బిడ్డే. చదువుకుంటున్న పిల్లాడు.

—

నిర్వాహకులు | 2024 డిసెంబర్ 1, రాత్రి 8:00

డబ్లిన్_అమ్మ గారి మాటే ఈ చర్చకు నియమం. కిక్కర్‌ను నిందిస్తూ రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాం.

—

పాత_కొలంబస్ | 2024 డిసెంబర్ 2, ఉదయం 6:10

నేను 1993లో వచ్చాను. ఆ ఏడాది ఆన్ ఆర్బర్‌లో 28–0. మరుసటి ఏడాది గెలిచాం. 1995లో ఓటమి అన్నదే లేకుండా వెళ్లి 31–23తో ఓడాం. బియాకబుటుకా అనే కుర్రాడు ఒక్కడే 313 గజాలు పరుగెత్తాడు. అయినా నన్ను నేటికీ వదలనిది 1996.

ఆ ఆట మీకు చెప్పాలి, ఎందుకంటే మొన్నటిది అచ్చంగా దాని అన్నదమ్ముడు. అప్పుడూ మనం రెండో ర్యాంకు, పది ఆడితే పదీ గెలిచాం. అప్పుడూ కొలంబస్‌లోనే. సగం ఆటకు 9–0తో ముందున్నాం, కాని ఆ తొమ్మిదీ మూడు ఫీల్డ్ గోల్స్. టచ్‌డౌన్ చేయాల్సిన చోటల్లా మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నాం. రెండో సగం మొదట్లోనే మన మేటి కార్నర్ షాన్ స్ప్రింగ్స్ కాలు జారాడు. అతను కాపలా కాస్తున్న టై స్ట్రీట్స్ 69 గజాలు పోయి టచ్‌డౌన్ చేశాడు. తర్వాత మనకు ఒక్క పాయింటు రాలేదు. 13–9.

అప్పుడు మేం నలుగురం విద్యార్థులం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా టీవీ పాతది, పచ్చిక కూడా నీలంగా కనిపించేది. ఆట అయ్యాక ఒకతను లేచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద పప్పు మాడుతున్నా చూడకుండా సింకు దగ్గర నిలబడిపోయాడు. ఆ మాడు వాసన ఇప్పటికీ గుర్తుంది. అతనికి ఇప్పుడు అరవై దగ్గర పడింది. శనివారం సాయంత్రం నాకు ఫోన్ చేసి "పదమూడు" అన్నాడు. అంతే, ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.

ఆ సీజన్‌లో తర్వాత రోజ్ బౌల్ అనే పెద్ద ఆటలో అరిజోనా స్టేట్ మీద 20–17తో గెలిచాం, 19 సెకన్లు మిగిలి ఉండగా డేవిడ్ బోస్టన్ టచ్‌డౌన్‌తో. ఎంత సంతోషించామో! దేశంలో రెండో స్థానం. అయినా 1996 అంటే నాకు ముందు స్ప్రింగ్స్ జారిన పాదమే కనిపిస్తుంది, బోస్టన్ కాదు. అందుకే, ప్లేఆఫ్ గెలిస్తే ఇది పోతుందా అని ఎవరైనా అడిగితే పోదని చెబుతాను. దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది, అంతే.

మనవాళ్లు మిషిగన్‌ను ఓడించిన ఆటగాడికి చిన్న బంగారు ప్యాంటు బొమ్మ ఇస్తారు, 1934 నుంచి ఉన్న ఆనవాయితీ. అప్పటి కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్, వాళ్లూ మనలాగే ఒక్కో కాలే తొడుక్కుంటారని జట్టుకు ధైర్యం చెప్పాడు, దాన్నుంచి వచ్చింది. జాక్ సాయర్ కొలంబస్ పక్కన పికరింగ్టన్ కుర్రాడు. 2021లో జట్టులో చేరాడు. నాలుగేళ్లున్నాడు. ఆ బొమ్మ ఒక్కటి కూడా అందుకోకుండానే వెళ్తాడు. ప్రొఫెషనల్ జట్లలోకి పోగలిగినవాళ్లు ఈ ఏడాది ఆగింది చాలావరకు దీని కోసమే. నాకు మిగతా దేనికంటే అదే బాధ.

—

తెనాలి_బకై | 2024 డిసెంబర్ 2, రాత్రి 9:45

పెద్దవారు, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ నాలుగో క్వార్టర్‌లో సాయర్ మన గోల్ దగ్గర వాళ్ల పాసును పట్టుకున్న క్షణం గుర్తొచ్చింది. స్టేడియం కింద కాంక్రీటు వణికింది. నాన్న కూడా లేచి నిలబడ్డారు. మన ఒహాయో కుర్రాడే ఆట నిలబెట్టాడని అరిచాను. దాన్నైనా ఎవరూ గుర్తుపెట్టుకోరేమో.

—

లైన్_చూసేవాడు | 2024 డిసెంబర్ 22, ఉదయం 12:50

ప్లేఆఫ్ మొదటి ఆటలో టెనసీ మీద 42–17. స్టేడియంలో వాళ్ల నారింజ రంగు చూసి భయపడ్డాను, మనవాళ్లు చాలామంది టికెట్లు అమ్ముకున్నారు. ఆట మొదలయ్యాక భయం పోయింది. బంతి మొదటి నుంచీ జెరమయా స్మిత్ వైపు, ఎగ్‌బుకా వైపు. మూడు వారాల కిందట ఇదే చేయాల్సింది. సంతోషంగా ఉంది, కోపంగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి ఉండవచ్చని ఇవాళే తెలిసింది.

—

డబ్లిన్_అమ్మ | 2025 జనవరి 11, ఉదయం 7:20

పాత_కొలంబస్ గారూ, రాత్రి చూశారా? సెమీఫైనల్లో టెక్సస్ మన గోల్ దగ్గర దాకా వచ్చి సమం చేయబోతున్న సమయంలో సాయర్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి కొట్టి, తనే తీసుకుని 83 గజాలు పరుగెత్తాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ ఇతని పాత రూమ్మేట్ అట. మా అమ్మాయి సోఫా మీద నిలబడి అరిచింది. 28–14. బంగారు ప్యాంటు లేకపోతేనేం అనను, అది వేరు. కాని ఇది కూడా అతనిదే.

—

పాత_కొలంబస్ | 2025 జనవరి 11, ఉదయం 9:00

చూశానమ్మా. కళ్లనీళ్లు ఆగలేదు.

—

మొదటి_సెమిస్టర్ | 2025 జనవరి 21, ఉదయం 1:30

ఫైనల్లో నోటర్ డేమ్ మీద 34–23! మనం దేశ విజేతలం! హై స్ట్రీట్ మొత్తం జనమే. చేతులు కొంకర్లు పోతున్నా ఎవరూ ఇంటికి వెళ్లడం లేదు. మూడో ప్రయత్నంలో పదకొండు గజాలు కావాల్సినప్పుడు మన క్వార్టర్‌బ్యాక్ హవర్డ్, జెరమయా స్మిత్‌కు వేసిన 56 గజాల పాసు చూసి మా రూమ్మేట్ నన్ను ఎత్తి తిప్పాడు. కాసేపాగి నా చెవి దగ్గర, "అయినా నవంబర్ రావాలి" అన్నాడు. మొన్న డిసెంబరులో నేనడిగిన ప్రశ్నకు జవాబు అదేననుకుంటాను.

—

తెనాలి_బకై | 2025 జనవరి 21, ఉదయం 8:10

నాన్న సంక్రాంతికి ఊరు వెళ్లిపోయారు. అక్కడ ఆట తెల్లవారుజామున ఆరింటికి మొదలైంది. నేను చెప్పకుండానే పక్కింటి కుర్రాడి చేత ఫోనులో పెట్టించుకుని చూశారట. ఇందాక ఫోన్ చేస్తే, మొదటి మాట "ఈసారి పక్కనుంచి వెళ్లారు" అని. తర్వాత అభినందించారు. తర్వాత అడిగారు, "ఆ ఎమ్ అక్షరం వాళ్లతో మళ్లీ ఎప్పుడు?"

2025 నవంబర్ 29, ఆన్ ఆర్బర్‌లో అని చెప్పాను. వరి కోతలు కూలీలకు అప్పగించి వస్తానన్నారు. వరి కోతలప్పుడు మా నాన్న ఊరు దాటిన రోజు నాకు తెలిసి ఒక్కటీ లేదు.

ఆన్_ఆర్బర్_తెలుగు గారూ, మీ ఊళ్లో ఆ రోజుకు రెండు టికెట్లు ఎలా దొరుకుతాయో చెప్పగలరా? ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి. మెట్లు ఎక్కువ ఎక్కలేరు.

—

ఆన్_ఆర్బర్_తెలుగు | 2025 జనవరి 21, ఉదయం 10:25

ముందుగా అభినందనలు, మనస్ఫూర్తిగా.

మా స్టేడియం చాలావరకు భూమిలోకి తవ్వి కట్టినది. వీధి మట్టంలో లోపలికి వస్తే పై వరుసల దగ్గర ఉంటారు, కిందికి దిగాలి. అందుకే నాన్నగారికి పై వరుసల్లో తీసుకోండి. ఎక్కే పనీ దిగే పనీ తక్కువ, మైదానం మొత్తం కనిపిస్తుంది. టికెట్ల సంగతి వేసవిలో నాకు గుర్తు చేయండి. ముందు రోజు రాత్రి మా ఇంట్లో దిగండి. నవంబర్ చివర్లో ఇక్కడ మంచు పడవచ్చు, ఆయన మంకీ క్యాప్ మర్చిపోవద్దు. ఎర్ర మఫ్లరు కూడా వేసుకోనివ్వండి, మా వరుసలో ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటాను.